జీతం బయటి పని

డిజైనర్‌గా ఉద్యోగం చేసేవాళ్లు ఆఫీసు పని అయ్యాక తమకంటూ ఇంకో పని పెట్టుకోవాలా? ఎవరూ అడగని పోస్టరు, ఎవరూ డబ్బివ్వని ఫాంటు, అమ్ముడుపోతుందో లేదో తెలియని చిన్న పుస్తకం, వీటికి సాయంత్రాలు ధారపోయడం విద్యని నిలబెట్టుకోవడమా, జీతం లేని వెట్టిచాకిరీనా? ఈ వృత్తిలో ఉన్నవాళ్ల మధ్య దీనిమీద గట్టి అభిప్రాయభేదమే ఉంది. రెండువైపులా కొట్టిపారేయలేని మాటలున్నాయి కాబట్టి దీన్ని సంవాదంగా రాస్తున్నాను. మేనకోడలు హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో యాప్‌ల స్క్రీన్లు డిజైన్ చేస్తుంది. మేనమామ విజయవాడలో ఆఫ్‌సెట్ ప్రెస్సు నడిపి, పుస్తకాలకి అట్టలు వేసి, ఇప్పుడా పని కొడుక్కి అప్పగించినవాడు. ఇద్దరూ కల్పితులే. వాళ్లు ఎత్తే ఉదాహరణలు మాత్రం జరిగినవి.

మేనకోడలు: మావయ్యా, నా పక్షం మొదటే చెప్పేస్తాను. సైడ్ ప్రాజెక్ట్ ఒకప్పుడు ఇష్టం కొద్దీ చేసుకునే పని. ఇప్పుడది ఉద్యోగ ప్రకటనలో రాయని అర్హత అయిపోయింది. ఇంటర్వ్యూకి వెళ్తే ఆఫీసులో ఏం చేశారన్నది పైపైన అడిగి, "సొంతంగా ఏం చేశారు?" అన్న దగ్గర ఆగుతారు. మాలో చాలామందికి ఆఫీసు పని బయట చూపించడానికి ఒప్పందపత్రమే అడ్డు. అందుకని చూపించడం కోసమే రాత్రిళ్లు కూర్చుని, లేని బ్యాంకుకి యాప్, లేని కాఫీ కొట్టుకి లోగో తయారుచేస్తారు. డ్యూటీ దిగాక ఇంటి దగ్గర ఎందరికి కట్టు కట్టావని ఏ నర్సునీ ఎవరూ అడగరు. డిజైనర్‌ని మాత్రం పని మీద ప్రేముందా అని అడిగి, ఆ ప్రేమకి రుజువు జీతం లేని గంటల్లో చూపించమంటారు. ఆ గంటలు అందరికీ సమానంగా ఉండవు. పెళ్లికాని కుర్రాడికి సాయంత్రం మొత్తం చేతిలో ఉంటుంది. చంటిపిల్ల ఉన్న అమ్మాయికి అరగంట దొరకడం కష్టం. ఇద్దరి పోర్ట్‌ఫోలియోలూ పక్కపక్కన పెట్టి ప్రతిభని కొలుస్తున్నాం అనుకుంటారు. నిజానికి అక్కడ తేలుతున్నది ఎవరింట్లో వంట ఎవరు చేస్తున్నారన్నదే.

మేనమామ: ఇందులో ఒక్క ముక్క కూడా కాదనను, అమ్మాయీ. కాకపోతే అది సొంత పని మీద అభియోగం కాదు, దాన్ని కొలబద్దగా వాడుకునే యజమాని మీద అభియోగం. లేని బ్యాంకుకి చేసిన యాప్ నా లెక్కలో సొంత పనే కాదు, ముందుగా రాసిన పరీక్ష. నేను మాట్లాడేది వేరే దాని గురించి. అందుకు ఒక మనిషిని చూపిస్తాను. సత్యజిత్ రేని మనం సినిమా దర్శకుడిగానే గుర్తుపెట్టుకుంటాం గానీ, ఆయన వృత్తిరీత్యా డిజైనర్. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర బొమ్మలు నేర్చుకుని, ఆ చదువు మధ్యలో వదిలేసి, 1943లో కలకత్తాలో డి.జె. కీమర్ అనే బ్రిటిష్ ప్రకటనల కంపెనీలో నెలకి 80 రూపాయల జీతానికి చేరాడు. అదే కంపెనీలో పైస్థాయిలో ఉన్న డి.కె. గుప్తా సిగ్నెట్ ప్రెస్ అని సొంతంగా ఒక ప్రచురణ సంస్థ పెట్టి, అట్టలూ లోపలి బొమ్మలూ రేకి అప్పగించాడు. పగలు సరుకులకి ప్రకటనలు, మిగతా వేళల్లో జీవనానంద దాస్ కవిత్వానికీ, జిమ్ కార్బెట్ వేట కథలకీ అట్టలు. ఆ కార్బెట్ పుస్తకం బెంగాలీ అనువాదానికి వేసిన అట్ట చూడు. ముందు అట్ట, వెనక అట్ట కలిపి పరిస్తే ఒకే పులిచర్మం. ఒకవైపు తూటా దూరిన చిల్లు, రెండోవైపు అది బయటికొచ్చిన చిల్లు. రెండూ ఒకే సైజులో ఉండవు, ఎందుకంటే తూటా లోపలికి వెళ్లేటప్పుడు చేసే గాయం వేరు, బయటికొచ్చేటప్పుడు చేసే గాయం వేరు. పుస్తకాన్ని ముందు పేజీగా కాక, మందం ఉన్న వస్తువుగా చేతిలో తిప్పి చూసినవాడికి తప్ప ఆ ఊహ రాదు. బిభూతిభూషణ్ బందోపాధ్యాయ నవల 'పథేర్ పాంచాలి'ని పిల్లల కోసం కుదించి సిగ్నెట్ వేసినప్పుడు బొమ్మలు గీసిందీ రేనే. ఆ బొమ్మలు గీస్తుండగానే ఆ కథ ఆయనలో సినిమాగా కదలడం మొదలైంది. ఉద్యోగం పక్కన అట్టలు, అట్టల్లోంచి సినిమా. ఒకదాన్నొకటి తినలేదు, ఒకదాన్నొకటి పెంచాయి.

మేనకోడలు: రేని తీసుకురావడంలోనే చిక్కుంది మావయ్యా. గెలిచినవాళ్ల కథలే మనదాకా వస్తాయి. సెలవు రోజుల్లో సినిమా తీయబోయి అప్పులపాలైనవాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ ఉండవు. పైగా ఆయన ఏమీ లేనిచోట నుంచి రాలేదు. తాత ఉపేంద్రకిశోర్ హాఫ్‌టోన్ బ్లాకుల తయారీ మీద ప్రయోగాలు చేసి, వాటి గురించి ఇంగ్లండ్‌లో వెలువడే పెన్‌రోజ్ వార్షిక సంచికలో వ్యాసాలు రాసినవాడు, 1913లో 'సందేశ్' పిల్లల పత్రిక పెట్టినవాడు. తండ్రి సుకుమార్ రాయ్ ఇంగ్లండ్ వెళ్లి ముద్రణ విద్య చదివొచ్చిన కవి, చిత్రకారుడు. అచ్చు అక్షరం ఆ ఇంట్లో వారసత్వం. ఇక డబ్బు సంగతి. 'పథేర్ పాంచాలి'కి నిర్మాతలు ముందుకు రాకపోతే ఆయన బీమా పాలసీ మీద అప్పు తెచ్చాడు. భార్య బిజొయా నగలు తాకట్టుకెళ్లాయి. అదీ చాలక పని ఆగిపోతే, బిధాన్ చంద్ర రాయ్ ముఖ్యమంత్రిగా ఉన్న పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం రోడ్ల అభివృద్ధి పద్దు కింద డబ్బిస్తే తప్ప సినిమా పూర్తి కాలేదు. ఒకరి సొంత పనికి ఇంకొకరి నగలు పెట్టుబడి అయితే, దాన్ని సొంత పని అనడం ఎంతవరకు న్యాయం? ఆ ఖర్చు రాయకుండా పని గొప్పదనం ఒక్కటే చెప్పుకుంటూ పోతే, రేపు ఇంకో ఇంట్లో ఇంకో ఆవిడ నగలు తీయాల్సి వస్తుంది.

మేనమామ: ఆ లెక్క రాయాల్సిందే. రాయకుండా రే గొప్పవాడని చెప్పేవాళ్లు సగం కథే చెబుతున్నారు. అయితే నేను రేని తెచ్చింది ఆయన గెలిచాడని కాదు. గెలుపు పక్కన పెట్టి, ఆ పనిలో ఆయనకి ఏం దొరికిందో చూడు. 1952 అక్టోబర్ 27న మొదటి షూటింగు. కలకత్తాకి దూరంగా పాల్సిట్ అనే చోట రైలు పట్టాలు, వాటి పక్కన రెల్లుపూలు. అక్కాతమ్ముళ్లు దుర్గ, అపు ఆ రెల్లులోంచి పరుగెత్తి మొదటిసారి రైలుని చూసే సన్నివేశం. కెమెరా పట్టిన సుబ్రత మిత్రా ఇరవై ఏళ్లు దాటిన కుర్రాడు, అంతకుముందు సినిమా కెమెరా నడిపినవాడు కాదు. సగం సన్నివేశం తీసి, మళ్లీ సెలవు రోజున మిగతాది తీద్దామని వెళ్తే అక్కడ రెల్లుపూలు లేవు. పశువులు మేసేశాయి. మళ్లీ పూలు పూసేదాకా ఏడాది ఆగారు. కీమర్‌లో ఇలాంటి స్థితి ఆయనకి ఎప్పుడూ రాదు. అక్కడ సరుకేదో ముందే తెలుసు, సైజు పత్రికవాడు చెబుతాడు, గడువు క్లయింటు చెబుతాడు, చెడితే సర్దడానికి పైన ఒకరుంటారు. ఇక్కడ ఏది తీయాలి, ఎవరితో తీయాలి, పూలు పోతే వేరేచోట వేరేలా సర్దుకోవాలా ఏడాది ఆగాలా అన్నవన్నీ ఆయన తలమీదే. నా వాదమంతా ఇదే. సొంత పని విలువ అందులోంచి వచ్చే వస్తువులో లేదు, పేరులో లేదు. తీర్పు మొత్తం నీ మీద పడటంలో ఉంది. ఆ బరువు ఒకసారి మోసినవాడు ఆ తర్వాత ఎవరి పని చేసినా వేరేగా చేస్తాడు. 'పథేర్ పాంచాలి' 1955లో విడుదల కాకుండా డబ్బాల్లోనే మిగిలిపోయినా, రెల్లు మైదానంలో నేర్చుకున్నది ఆయన దగ్గరే ఉండేది. ఇంకోటి గమనించు. అన్నేళ్లూ ఆయన కీమర్ ఉద్యోగం వదల్లేదు. సినిమా జనం ముందుకొచ్చి నిలబడ్డాకే వదిలాడు.

మేనకోడలు: తీర్పు మొత్తం తనదే అయితే మనిషి బాగుపడతాడన్నారు. మునిగిపోవచ్చు కూడా. నేనూ ఒక ఉదాహరణ చెబుతాను. డొనాల్డ్ నూత్ అమెరికాలో కంప్యూటర్ శాస్త్రానికి మూలపురుషుల్లో ఒకడు. 'ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్' పేరుతో 1968లో మొదటి సంపుటం, 1969లో రెండోది, 1973లో మూడోది తెచ్చాడు. 1977లో రెండో సంపుటం కొత్త కూర్పుకి ప్రూఫులొచ్చాయి. పాత కూర్పు సీసపు అక్షరాలతో అచ్చయింది, కొత్తది ఫొటో టైప్‌సెట్టింగ్. పేజీ చూడబుద్ధి కాలేదు. తన పుస్తకం అలా రావడానికి వీల్లేదని, పేజీలు కూర్చే ప్రోగ్రాము 'టెక్' తనే రాయడం మొదలుపెట్టాడు. అక్షరాలు గీయడానికి 'మెటాఫాంట్' అని ఇంకోటి. త్వరగా ముగించి పుస్తకానికి తిరిగి వెళ్దామనుకున్న పని దాదాపు పదేళ్లు పట్టింది. నాలుగో సంపుటంలో మొదటి భాగం పూర్తి పుస్తకంగా వచ్చింది 2011లో. మూడోదానికీ దానికీ మధ్య 38 ఏళ్లు. మొత్తం ఆలస్యానికి టెక్ ఒక్కటే కారణమనను గానీ, పేజీ అందం కోసం పెట్టుకున్న పక్కపని అసలు పుస్తకాన్ని ఎంత వెనక్కి నెట్టిందో కనిపిస్తూనే ఉంది. అంతటి మేధావికే హద్దు దొరకనప్పుడు, ఉద్యోగం చేసుకునే మామూలు డిజైనర్‌కి దొరుకుతుందా? పనితనం ఉన్నవాళ్లకే ఈ ప్రమాదం ఎక్కువ. వాళ్లకి ఎక్కడ ఆపాలో తెలియదు.

మేనమామ: మంచి ఉదాహరణ తెచ్చావు, నా పక్షానికి నిజంగా ఇబ్బంది పెట్టేది. నూత్ చెల్లించిన మూల్యం చిన్నది కాదు. కానీ ఆ పదేళ్లలో జరిగింది పూర్తిగా చూడాలి. ఇంగ్లీషు 'ఎస్' అక్షరాన్ని తీసుకో. మనం కలం తిప్పి రాసేస్తాం. దాని వంపుని గణితంలో చెప్పబోతే ఎక్కడ సన్నగా మొదలై, నడుమ ఎంత లావై, ఎక్కడ మలుపు తిరగాలో తేలక, ఆ ఒక్క అక్షరం మీదే ఆయన ఒక వ్యాసం రాయాల్సి వచ్చింది. అక్షరం కూర్చేవాళ్ల కళ్లకి శతాబ్దాలుగా తెలిసి, ఎవరూ మాటల్లో పెట్టని జ్ఞానం అది. టెక్‌ని ఆయన అమ్ముకోలేదు, అందరికీ ఇచ్చేశాడు. ఈ రోజుకీ ప్రపంచంలో గణితం, భౌతికశాస్త్రం వ్యాసాలు చాలావరకు దాంతోనే కూర్చుతున్నారు. అయినా నీ ప్రశ్న మిగిలే ఉంది, హద్దు ఎక్కడ? సొంత పని మొదలుపెట్టేవాళ్లు రెండు సంగతులు ముందే తేల్చుకోవాలంటాను. ఒకటి, ఈ పని ఏ ప్రశ్నకి జవాబు వెతుకుతోంది? రెండు, దీని కోసం ఏ పని వాయిదా పడుతోంది, అది ఎవరిది? వాయిదా పడేది నాదే అయితే ఆ నష్టం నేను మోస్తాను. నూత్ వాయిదా వేసింది తన పుస్తకాన్నే. వాయిదా పడేది జీతమిచ్చినవాడి పనో, ఇంట్లోవాళ్ల విశ్రాంతో అయితే, వాళ్లని అడగకుండా మొదలుపెట్టడం తప్పు. బిజొయా నగల గురించి నువ్వన్నది నేను ఇక్కడ ఒప్పుకుంటున్నాను. పక్కవాళ్ల ఖర్చుతో జరిగే పనిలో తీర్పు ఒక్కడిదే ఎలా అవుతుంది? అందులో వాళ్లకీ మాట ఉండాలి.

మేనకోడలు: సరే, ఇక పనిముట్లు. మా తరానికి సొంత పని అంటే సగం పనిముట్ల వేటే. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చిందంటే నేర్చుకోవాలి, కొత్త ప్లగిన్ వచ్చిందంటే పెట్టుకోవాలి. పని మొదలయ్యే లోపు సాయంత్రం అయిపోతుంది. ఒకప్పుడు ఫొటోషాప్ డబ్బా కొనుక్కుంటే మనదే. ఇప్పుడు నెల నెలా అద్దె. కట్టడం మానేస్తే మన ఫైళ్లు మనమే సరిగా తెరవలేం. ఇక కృత్రిమ మేధ వచ్చాక రెండు వాక్యాలు టైపు చేస్తే ఇరవై బొమ్మలు ముందుంటాయి. అలాంటప్పుడు సాయంత్రాలు కూర్చుని ఒక్క బొమ్మ గీసేవాళ్లు ఏం సంపాదిస్తున్నారు?

మేనమామ: పనిముట్టు ముందు, పని తర్వాత అనుకుంటే నువ్వు చెప్పినట్టే అవుతుంది. మంచి పనిముట్లు పుట్టింది దానికి తలకిందులుగా. ఆ ఫొటోషాప్‌నే తీసుకో. 1987లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న థామస్ నోల్ తన నలుపుతెలుపు మానిటర్ మీద బూడిద ఛాయలు చూపించడానికి చిన్న ప్రోగ్రాము రాసుకున్నాడు. సినిమాల్లో స్పెషల్ ఎఫెక్ట్స్ పని చేస్తున్న తమ్ముడు జాన్‌కి అది నచ్చింది. ఇద్దరూ పెంచుకుంటూ పోతే 1990లో అడోబీ దాన్ని మొదటిసారి విడుదల చేసింది. నువ్వు అద్దె కడుతున్నది ఒకరి సైడ్ ప్రాజెక్ట్‌కే. రే దగ్గరికి వస్తే ఆయన ముఖ్యమైన పనిముట్టు ఒక నోటుపుస్తకం. బెంగాల్ వ్యాపారులు చిట్టాపద్దులు రాసుకునే ఎర్రగుడ్డ అట్ట పుస్తకం. స్క్రిప్టు, సెట్టు బొమ్మ, దుస్తుల బొమ్మ, సంగీతం స్వరాలు, పోస్టరు చిత్తుప్రతి అన్నీ అందులోనే. ఒకే పుస్తకంలో ఉంటే మాటకీ బొమ్మకీ పాటకీ మధ్య గోడ ఉండదు. అందుకే 1961 నుంచి తన సినిమాలకి సంగీతం తనే చేసుకున్నా, పోస్టరు మీది అక్షరాలు తనే గీసుకున్నా అవి వేరువేరు విద్యల్లా అనిపించవు. సుబ్రత మిత్రా వెలుతురు సంగతి ఇంకా బాగుంటుంది. 'పథేర్ పాంచాలి' తర్వాత రే తీసిన 'అపరాజితో'కి కాశీ ఇంటి లోపలి వాకిలిని కలకత్తా స్టూడియోలో సెట్టుగా కట్టారు. ఆరుబయట పైనుంచి పడే మెత్తటి వెలుతురు స్టూడియో దీపాలతో ఎలా వస్తుంది? దీపాలు తిన్నగా వేస్తే మనిషికి రెండు మూడు నీడలు పడతాయి, అబద్ధం బయటపడుతుంది. వాకిలి పైన తెల్లగుడ్డ బిగించి, దీపాలు దానిమీదకి తిప్పి, అక్కడ తగిలి కిందకి దిగిన వెలుతురులో తీశారు. కొన్నది గుడ్డ, కనిపెట్టింది పద్ధతి. ప్రశ్న సరిగ్గా తెలిసినవాడికి పనిముట్టు దొరుకుతుంది, లేకపోతే తయారవుతుంది. నీ ఇరవై బొమ్మల సంగతీ అంతే. యంత్రం ఇరవై ఇస్తుంది, అందులో ఏది సరైనదో, అసలు ఇరవైలోనూ సరైనది లేదో చెప్పాల్సింది నువ్వే. కనీసం ఒక బొమ్మ మొదటి గీత నుంచి అచ్చుదాకా తీసుకెళ్లని కన్ను ఆ మాట ఏ ఆధారంతో చెబుతుంది?

మేనకోడలు: అయితే నా పనిలోని ప్రశ్నే మీ ముందు పెడతాను. యాప్‌లలో బటన్ ఎత్తు ఇంగ్లీషు అక్షరాలు చూసి కొలుస్తారు. ఇంగ్లీషులో అక్షరం కిందకి దిగేది కొద్దిగానే. తెలుగులో 'రాష్ట్రం', 'స్త్రీ' వచ్చేసరికి వత్తు మీద వత్తు దిగుతుంది, పైన గుడిదీర్ఘం లేస్తుంది. బటన్‌లో పెట్టగానే కింది వత్తు తెగిపోతుంది, లేదా రెండు లైన్ల మధ్య వత్తూ గుడీ ఒకదాన్నొకటి తగులుకుంటాయి. దీన్ని సరిచేయాలంటే లైన్ల మధ్య ఎడం పెంచాలి, ఫాంటు కొలతలు మార్చాలి, ప్రతి స్క్రీనూ మళ్లీ చూడాలి. ఆఫీసుల్లో ఇలాంటివి జాబితా అడుగుకి పోతాయి, ఎందుకంటే అడిగేవాళ్లు ఇంగ్లీషు చూస్తారు. ఇప్పుడు మీలాంటివాళ్లు "అయితే నీ సాయంత్రాల్లో తెలుగుకి కొలతలు తయారుచెయ్యి, అదే నీ సొంత పని" అంటారు. నేను చేస్తే ఏమవుతుంది? కోట్ల మంది వాడే వ్యాపారానికి అవసరమైన పని నేను ఉచితంగా చేసిపెట్టినట్టవుతుంది. తెలుగు మీద ప్రేమ ఉన్నవాళ్ల మీదే తెలుగు భారమంతా పడుతుంది, డబ్బున్నవాళ్లు తప్పించుకుంటారు. ఇంకో సంగతి, ఆ పని నాదే అవుతుందన్న నమ్మకం కూడా లేదు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి మొదటి హక్కుదారు యజమానే. చట్టం చెప్పింది ఉద్యోగంలో భాగంగా చేసినదాని గురించి. కొన్ని ఒప్పందాలు దాన్ని సాగదీసి, ఉద్యోగంలో ఉన్నంతకాలం ఏం చేసినా కంపెనీదే అన్నట్టు రాస్తాయి. తీర్పంతా నాదే అంటున్నారు, తీరా చూస్తే వస్తువే నాది కాకపోవచ్చు.

మేనమామ: ఇది ఇందాకటి అభ్యంతరాలన్నిటికన్నా బలమైనది. నా జవాబు రెండు ముక్కలు. మొదటిది, ఏ పనికి డబ్బు రావాలో ఆ పనికి డబ్బు అడగాలి. తెగిపోయిన వత్తు లోపం, లోపాన్ని సరిచేయడం కంపెనీ బాధ్యత. దాన్ని నీ ప్రేమ ఖాతాలో రాయించుకోవద్దు. రెండోది, డబ్బు ఎప్పటికీ రాని పనులు కొన్నుంటాయి, అవి ఎవరో ఒకరు చేయకపోతే భాషకి లోటు. తెలుగు ఫాంటు చేయాలంటే అచ్చులు, హల్లులు గీస్తే సరిపోదు. గుణింతాలు, వత్తులు, వాటి కలయికలు అన్నీ కలిపి వందల ఆకారాలు. ఆ శ్రమకి తగ్గ అమ్మకం తెలుగు ఫాంటుకి ఎప్పుడూ లేదు. పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న, గురజాడ, గిడుగు పేర్లతో ఈ రోజు ఎవరైనా ఉచితంగా వాడుకోగల యూనికోడ్ ఫాంట్లున్నాయంటే, దాని వెనక అమెరికాలోని తెలుగువాళ్ల సాంస్కృతిక సంస్థ సిలికానాంధ్ర పూనిక ఉంది. బజారు దానంతట అది ఇవి తెచ్చిపెట్టలేదు. బాపు సంగతీ చూడు. న్యాయశాస్త్రం చదివి, ఆంధ్రపత్రికలో కార్టూన్లు వేసి, ప్రకటనల కంపెనీల్లో పనిచేసి, 1967లో 'సాక్షి'తో సినిమాకి వచ్చినవాడు. ఇన్నిటి మధ్య కథల మకుటాలకీ అట్టలకీ రాస్తూ పోయిన ఆ చేతిరాత ఒక శైలిగా స్థిరపడి, చివరికి ఫాంటయి శుభలేఖలదాకా వచ్చింది. ఎవరూ ఆయన్ని ఒక లిపి తయారుచేసిపెట్టమని జీతమిచ్చి కూర్చోబెట్టలేదు. ఒప్పందాల విషయం మాత్రం నువ్వు చెప్పినట్టే. సంతకం పెట్టే ముందు ఆ క్లాజు చదివి, సొంత సమయంలో సొంత కంప్యూటర్ మీద చేసేది నాదేనని రాయించుకోవాలి. మా రోజుల్లో ప్రెస్సువాడికి ఈ బెడద లేదు, మీకుంది. దాన్ని దాటకుండా సొంత పని గురించి పాఠాలు చెప్పడం సరికాదు.

మేనకోడలు: ఆఖరి అభ్యంతరం. డిజైన్ ఇప్పుడు ఒంటరి విద్య కాదు. వాడేవాళ్లని అడిగి తెలుసుకునేవాళ్లు ఒకరు, రాసేవాళ్లు ఒకరు, కోడ్ చేసేవాళ్లు ఒకరు, అందరి మధ్య డిజైనర్. తీర్పంతా తనదే అన్న రుచి మరిగినవాళ్లు బృందంలో ఇమడరు. ప్రతి సూచననీ తన బొమ్మ మీద దాడిలా చూస్తారు. మీ సిద్ధాంతం మంచి కళాకారుల్ని తయారుచేస్తుందేమో, మంచి సహోద్యోగుల్ని తయారుచేయదు.

మేనమామ: తీర్పు నాదే అంటే చేతులన్నీ నావే అని కాదు. 'పథేర్ పాంచాలి'కి సెట్టింగులు బన్సీ చంద్రగుప్తా, కెమెరా సుబ్రత మిత్రా, కూర్పు దులాల్ దత్తా, సంగీతం రవిశంకర్. రవిశంకర్‌కి తీరిక దొరక్క ఒక్క రాత్రి కూర్చుని సంగీతం చాలావరకు చేసేశాడు. పని మొత్తం మోసినవాడికి పక్కవాడి పని విలువ ఇంకాస్త బాగా తెలుస్తుంది. సొంత ఖర్చుతో ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించి చూడు. పేజీలు జిగురుతో అతికించే బైండింగులో వెన్ను వైపు మార్జిను కొంత లోపలికి పోతుందని, అక్కడ ఖాళీ వదలకపోతే లైను చివరి మాటలు చదవడానికి పుస్తకాన్ని విరవాల్సి వస్తుందని నీకు చేత్తో తెలుస్తుంది. ఆ తర్వాత బైండరు "ఇంకాస్త మార్జిను వదలండి" అంటే నీకది అడ్డంకిలా వినిపించదు, అనుభవంలా వినిపిస్తుంది. బృందంలో ఇమడనివాడు అంతా మోసినవాడు కాదమ్మా. తన ముక్క తప్ప మిగతాది ఎప్పుడూ మోయనివాడు.

మేనకోడలు: ఈ ఒక్కచోట మీరు నన్ను కదిపారు. అయితే నా పక్షం వదలను. మీరు చెప్పే మేలు నిజమే అయినా, దానికి సమయం ఎవరిస్తారన్నది తేలలేదు. 2004లో గూగుల్ షేర్లు అమ్మకానికి పెట్టినప్పుడు దాని వ్యవస్థాపకులు తమ ఉద్యోగుల్ని 20 శాతం సమయం, కంపెనీకి మేలు చేస్తుందని వాళ్లకి తోచిన పని మీద పెట్టమని ప్రోత్సహిస్తామని వాటాదారులకి రాశారు. సొంత పని వల్ల కంపెనీకి లాభముందని నమ్మితే ఆ సమయం జీతంలోంచి ఇవ్వాలి. నమ్మకపోతే ఇంటర్వ్యూలో దాని గురించి అడగకూడదు. రెండూ కాకుండా మధ్యలో నిలబడి రాత్రిళ్లు అడగడమే నేను ఒప్పుకోనిది.

మేనమామ: అందులో నాకు తేడా లేదు. యజమానికి నువ్వు చెప్పేది చెబుదాం. నేను చెప్పేది డిజైనర్‌కి. నీ పనిదినంలో ఎవరూ నీకివ్వని బరువు ఒకటుంది. దాన్ని అప్పుడప్పుడైనా, చిన్న సైజులోనైనా ఎత్తి చూడు. ఏడాదికి నాలుగు పేజీలైనా సరే, మొదటి నిర్ణయం నుంచి ఆఖరి నిర్ణయం దాకా నీదైన పని ఒకటి ఉంచుకో.

సంవాదం ఇక్కడ ఆపి నా మాట చెబుతాను. మేనమామ సిద్ధాంతం సరైనదని నమ్ముతున్నాను. రెల్లు మైదానంలో రే, ప్రూఫుల ముందు నూత్, తెల్లగుడ్డ కింద సుబ్రత మిత్రా, వీళ్ల ముగ్గురి పనిలోనూ కనిపించేది ఒకటే: సమస్య పూర్తిగా తమ మీద పడ్డప్పుడే వాళ్ల చేతికి కొత్త విద్య వచ్చింది. డిజైన్ చదువుల్లో, ఆఫీసుల్లో నిర్ణయాలని ముక్కలుగా పంచుకుంటున్న కొద్దీ ఈ విద్య దొరికే చోటు తగ్గిపోతోంది, అందుకే సొంత పని మునుపటికన్నా ఎక్కువ అవసరం. కానీ మేనకోడలు పెట్టిన షరతులు తీసేస్తే ఆ సిద్ధాంతం బలవంతులకి మాత్రమే పనికొచ్చే మాటగా మిగులుతుంది. సొంత పనిని ఉద్యోగ అర్హతగా అడగడం మానాలి. అడిగేవాళ్లు దానికి పనిగంటలు ఇవ్వాలి. ఒప్పందాల్లో ఉద్యోగి సొంత సమయం ఉద్యోగికే చెందుతుందని స్పష్టంగా రాయాలి. ఇంట్లోవాళ్ల డబ్బూ సమయమూ వాడుకుంటే వాళ్లని అడిగి, వాళ్ల పేరు కూడా పని మీద రాయాలి. ఈ నాలుగూ జరిగితే చంటిపిల్ల ఉన్న అమ్మాయికి కూడా తన నాలుగు పేజీలు తను చేసుకునే వీలు కలుగుతుంది. సృజన అందరిలోనూ ఉందని చెప్పుకునే వృత్తి, దాన్ని వాడుకునే గంటలు కూడా అందరికీ అందేలా చూసినప్పుడే ఆ మాటకి కట్టుబడినట్టు.